అక్క కొట్టానికి నేను రాసిన అర్జీ

పేడ ఎక్కడ ఉండకూడదో మా ఊరి నిబంధనల్లో చక్కగా రాసి ఉంది. రోడ్డు మీద ఉండకూడదు. వాననీళ్ళు పోయే కాలవలో పడకూడదు. చెత్తడబ్బాలో వెయ్యకూడదు. కొట్టంలో కుప్ప పెట్టకూడదు, ఈగలు ముసురుతాయి. గోడకు పిడకలు కొట్టకూడదు. ఇవన్నీ నేను ఒకటికి నాలుగుసార్లు చదివాను. పేడ ఎక్కడ ఉండొచ్చో మాత్రం ఏ పేజీలోనూ కనపడలేదు. ఆవన్నాక పేడ వెయ్యదా? ఈ నిబంధనలు రాసినాయన పొద్దున్నే పాలు లేకుండా కాఫీ తాగుతాడా? ఇలా నేను పేపరు ముందేసుకుని అరుస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడుగుతుంది. మాత్రకు తగ్గే కోపం కాదది.

నేను పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో, స్టోర్సు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నట్లూ బోల్టులూ వచ్చినట్టు, పోయినట్టు కాగితం మీద చూపించడమే నా ఉద్యోగం. దాంతో మా చుట్టాల్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. రేషన్ కార్డు, వితంతు పింఛను, నీళ్ళ కనెక్షను, ఏదైనా సరే. తమిళంలో అర్జీ రాస్తే నా అంతవాడు లేడని నాకో నమ్మకం. మా వాళ్ళు ఈ ఊరొచ్చి ఎన్ని తరాలైందో మాకే తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా పిల్లలకైతే ఇంట్లో కూడా తమిళమే.

మా అక్క ఉండేది ఈ ఊళ్ళోనే, చూలై పేటలో. నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావ పోయి చాలా ఏళ్ళైంది. ఆయన వదిలిపెట్టి పోయింది ఒక పెంకుటిల్లు, దాని వెనక రేకుల కొట్టం, అందులో ఆవులు. ఒకప్పుడు పదికి పైగా ఉండేవి. చివరికి నాలుగు మిగిలాయి. ఆ నాలుగే అక్కకు సర్వం. చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోసి తన బతుకు తను బతికేది. "మా ఇంటికొచ్చి ఉండక్కా" అని నేను ఎన్నిసార్లు పిలిచినా, "వచ్చి ఏం చేసేది? మీ సోఫాలో కూర్చోని టీవీ జూసేదా?" అని నవ్వేది. ఆ ఆవులున్నంత కాలం అక్క ఎవరి చేతికిందా ఉండక్కర్లేదు. అది నాకూ తెలుసు.

అక్క చేతిలో ఒక పనితనం ఉంది. చూడనివాళ్ళు నమ్మరు. ఆవు పేడ వెయ్యబోయే ముందు వీపు కొద్దిగా వంచి తోక ఎత్తుతుంది కదా, అక్కకు అది ఎలా తెలిసేదో గానీ, మనతో మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి, గోడకానించిన తట్ట తీసుకుపోయి ఆవు వెనక పట్టేది. పేడ నేల మీద పడేదే కాదు. ఉచ్చ పోసిన చోట బూడిదా ఎండుగడ్డి పొట్టూ చల్లి, అది పీల్చుకున్నాక ఊడ్చేసేది. పేడంతా గోనె సంచుల్లోకి ఎత్తి మూతి కట్టేది. రెండు రోజులకోసారి ఒక నర్సరీ ఆయన మీన్‌బాడీ బండిలో, అదే మోటారు తగిలించిన మూడు చక్రాల బండిలో వచ్చి ఆ సంచులు మొక్కలకని పట్టుకుపోయేవాడు. మా అమ్మ కూడా ఇలాగే తట్ట పట్టేది. అమ్మ దగ్గరే అక్క నేర్చుకుంది.

నాకది సిగ్గుగా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం, చెప్పేస్తాను. సర్వీసులో ఉన్నప్పుడు ఒకసారి మా సూపరింటెండెంటు జున్నుపాలు కావాలంటే అక్క ఇంటికి తీసుకుపోయాను. ఆయన కుర్చీలో కూర్చుని కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, అక్క మాట మధ్యలో లేచి తట్ట పట్టుకుని పరిగెత్తింది. పట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆఁ, ఏం అంటా ఉంటిరి సార్?" అని మాట అందుకుంది. ఆయన పెద్దగా నవ్వాడు. మర్నాడు ఆఫీసులో ఆ కథ అందరికీ చేతులు తిప్పుతూ చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కొన్నేళ్ళ కిందట అక్క ఇంటి ఎదురుగా ఉన్న పాత గిడ్డంగి పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. అప్పట్నించీ మొదలైంది గోల. వాళ్ళు ఫోన్లో ఏదో నొక్కితే చాలు, ఫిర్యాదు పోయేది. దానికి నంబరొచ్చేది, మూడో రోజున ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. వాసన, ఈగలు, దోమలు, అన్నింటికీ మా అక్క ఆవులే కారణం. చూలైలో ఆవులు రాకముందు దోమలే లేనట్టు!

ఆ ఫిర్యాదులు పెట్టించే ఆవిడే, ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి, మార్గళి నెల, అదే మన ధనుర్మాసం, రాగానే తెల్లారకముందే గిన్నె పట్టుకుని అక్క వాకిట్లో నిలబడేది. ముగ్గు మధ్యలో గుమ్మడిపువ్వు పెట్టాలంటే పేడ ముద్ద కావాలి కదా. మంచి పేడ, ఇప్పుడే వేసిన పేడ కావాలి. అక్క నవ్వుతూ గిన్నె నిండా పెట్టిచ్చేది. "ఎందుకక్కా ఇస్తావు?" అని నేను మండిపడితే, "పండగ దినాల్లో అడిగితే లేదంటామా రా?" అనేది. మార్గళి నెల్రోజులూ ఆ పేడకు వాసన ఉండేది కాదు. నెల దాటగానే మళ్ళీ ఫిర్యాదు.

ఒకసారి ఆ ఫిర్యాదు మీద కార్పొరేషన్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, కట్టిపెట్టిన గోనె సంచుల కేసి చూసి, "ఇవన్నీ ఇలా మూటలు కట్టి పెట్టుకుంటే వాసన రాదామ్మా? బాగా నీళ్ళు పోసి కడిగెయ్యండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. నోటి మాటే. ఆ నోటి మాటను నేను శిలాశాసనంలా పట్టుకున్నాను.

ఆ తర్వాత కొత్త నిబంధన వచ్చింది. ఊళ్ళో ఆవుని పెంచాలంటే లైసెన్సు ఉండాలి. చెవికి బిళ్ళ, సూదులు వేయించిన కాగితం, ఒక్కో ఆవుకూ ఇంత చోటు, అన్నీ చూసి ఇస్తారు. లైసెన్సు లేకపోతే ఆవుల్ని ఊరి పొలిమేర దాటించాలి, లేదంటే వాళ్ళే తోలుకుపోతారు. అక్క ఆ నోటీసు నా చేతిలో పెట్టి, "ఏమి రా తమ్ముడా, ఇస్తారా?" అని అడిగింది. "నేనున్నా గదక్కా, ఇవ్వకుండా యాడికి పోతారు?" అన్నాను.

నాకు ఒళ్ళంతా హుషారొచ్చింది. రిటైరైన తర్వాత అంత పెద్ద అర్జీ నాకు తగల్లేదు మరి. మూడు ఆఫీసులు తిరిగాను. ఒక చోట ఫారం ఉంది, అడిగితే చెప్పే మనిషి లేడు. ఇంకో చోట మనిషి ఉన్నాడు, ఫారం అయిపోయింది. మూడో చోట ఆన్‌లైన్లో పెట్టమన్నారు. ఆన్‌లైన్లో పెడితే ఆవు ఫొటో సైజు ఎక్కువైందని వెనక్కి కొట్టింది. ఆవు సైజు తగ్గించడం నా వల్ల అవుతుందా? తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అన్నీ సర్దుకుని ఫారం ముందు కూర్చున్నాను. అందులో ఒక గడి ఉంది: వ్యర్థాలను ఎలా తొలగిస్తారు?

తట్ట పట్టి అని రాయాలి. కలం పట్టుకుని కాసేపు ఆలోచించాను. ఈ కాలంలో, ఫోన్లో ఫిర్యాదులు పోయే ఊళ్ళో, మా అక్క ఆవు వెనక తట్ట పట్టుకుని నిలబడుతుందని రాస్తే చదివే ఆఫీసరు ఏమనుకుంటాడు? బుర్ర ఉన్నవాళ్ళు చేసే పనేనా అనుకోడూ? పైగా సంచుల మీద ఆ చేతిగుడ్డ ఆయన మాట ఒకటుంది. అందుకని అచ్చమైన తమిళంలో, చదివితే ముచ్చటేసేలా రాశాను: రోజుకు మూడుసార్లు అధిక ఒత్తిడి గల నీటి యంత్రంతో కొట్టమంతా కడుగుతాం, వ్యర్థం ఏ కొంచెమూ లోపల నిలవనివ్వం. కింద ఇంకో గడి ఉంది. వేరే పద్ధతి ఏదైనా పాటిస్తున్నారా? లేదు అని రాశాను.

రాశాక అబద్ధం కాకూడదు కదా. కార్లు కడిగే మిషనొకటి కొని అక్క కొట్టంలో బిగించాను. అక్కకు అది బొత్తిగా నచ్చలేదు.

"నీళ్ళు బోస్తే వాసన పోతాదని ఎవురు రా నీకు జెప్పింది? నీళ్ళు బోస్తేనే వచ్చేది. ఎండుగా ఎత్తేస్తే యాడ వస్తాది?"

"ఆఫీసాయనే చెప్పినాడు గదక్కా. మూటలు వొద్దు, కడిగెయ్ అని."

"ఆయన ఎన్ని ఆవుల్ని మేపినాడంట?"

"అక్కా, లైసెన్సు కావల్నా వొద్దా?"

అక్క తట్ట తీసుకుపోయి పెరట్లో వేపచెట్టు కింద బోర్లించింది. సంచులు లేకపోయేసరికి నర్సరీ ఆయన రెండుసార్లు ఊరికే వచ్చి చూసి, తర్వాత రావడం మానేశాడు. పేడంతా నీళ్ళలో కరిగి చిక్కగా పచ్చగా వీధి కాలవలోకి పోతుండేది. పది రోజులకే కాలవ దగ్గర నిలబడలేనంత కంపు. అక్క చెప్పిందే నిజమైంది. నేను ఒప్పుకున్నానా? ఫినాయిలు కొనిచ్చాను.

తనిఖీకి వస్తామని ఫోను వచ్చింది. ఇంటికి పెద్దవాళ్ళు వస్తున్నారంటే మనవాళ్ళు చేసేదేమిటి? ఇల్లు కడుగుతారు. పొద్దున అయిదింటి నుంచి నేనే దగ్గరుండి కడిగించాను. ఆవుల్ని కడిగాం, గాడి కడిగాం, రేకులు కూడా కడిగాం. వచ్చిన ఆఫీసరమ్మ చిన్న వయసు, మర్యాద తెలిసిన మనిషి. ముక్కుకు గుడ్డ పెట్టుకోలేదు. ఆవుల చెవి బిళ్ళలు చూసింది, చోటు కొలిచింది, "ఆవులు ఆరోగ్యంగా ఉన్నాయమ్మా" అని మెచ్చుకుంది. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడు ఆమె వంగి, గుమ్మం దగ్గర పారుతున్న నీళ్ళని చూసింది.

"ఇది ఎక్కడికి పోతుందమ్మా?" అని తమిళంలో అడిగింది.

"కాలవలోకే," అంది అక్క. "ముందర ఇట్ల లేదమ్మా, నేను..."

నేను అడ్డం పడ్డాను. "మేడమ్, రోజుకు మూడుసార్లు, మిషనుతో, చుక్క కూడా లోపల నిలవదు" అని గడగడా మొదలుపెట్టాను. అక్క ఇంకోసారి నోరు తెరిచింది. నేను చేత్తో ఆగమన్నాను. ఆఫీసరమ్మ బయటికి వెళ్ళి కాలవ ఫొటో తీసుకుంది. మిషను ఫొటో తీసుకుంది. నేను మిషను పక్కన నిలబడి ఫొటోకు సర్దుకున్నాను కూడా.

వారం తిరక్కుండా అర్జీ తోసిపుచ్చామని కాగితం వచ్చింది. పేడనీళ్ళు వాననీటి కాలవలోకి వదులుతున్నారు, కాబట్టి లైసెన్సు ఇవ్వడం కుదరదు, రెండు వారాల్లో ఆవుల్ని ఊరి బయటికి పంపాలి. కావాలంటే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు.

నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ కాలవలోకి ఎదురు ఫ్లాట్ల మరుగుదొడ్ల గొట్టమే కలిపి ఉంది, వీధిలో అందరికీ తెలుసు. దాని ఫొటో ఎవరూ తియ్యరు. మనిషిది వాసన కాదు, ఆవుదే వాసన! కడగమన్నదీ వాళ్ళే, కడిగితే తప్పన్నదీ వాళ్ళే. తాడో పేడో తేల్చుకొస్తానని చొక్కా వేసుకుని బస్సెక్కాను.

ఆఫీసరమ్మ నన్ను కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. నేను అరవాల్సినంతా అరిచాను. ఆ చేతిగుడ్డ ఆయన గురించి చెప్పాను. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడట. ఏమన్నాడో కాగితం ఏమైనా ఉందా అని అడిగింది. లేదు. ఫ్లాట్ల గొట్టం గురించి చెప్పాను. అది వేరే విభాగమట, విడిగా ఫిర్యాదు పెట్టుకోవాలట. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆమె మాత్రం ఓపిగ్గా నా ఫారం తీసి నా ముందు పెట్టింది.

"మీరు రాసిందే సార్ నేను వచ్చి చూసింది. కడిగే నీళ్ళకు తొట్టి ఉండాలి, మీకు లేదు. తొట్టి లేనివాళ్ళకు ఒకటే దారి, పేడని తడవకుండా ఎత్తెయ్యాలి. మీ పక్క వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నాడు, మీకంటే చిన్న కొట్టం. పేడ కింద పడకముందే తట్టలో పట్టేస్తాడు. సంచుల్లో కట్టి ఎవరికో ఇచ్చేస్తాడు. ఆయనకు లైసెన్సు ఇచ్చాం. అలాంటిది ఏమైనా మీకు ఉందేమోననే ఈ గడి పెట్టాం."

ఆమె వేలు పెట్టి చూపించింది. లేదు అని నా దస్తూరీలో, గుండ్రంగా, అందంగా ఉంది.

ఫారం నా వైపుకు లాక్కున్నాను. "ఉంది మేడమ్, ముందు అలాగే చేసేవాళ్ళం" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. ఇప్పుడు చెబితే ఎలా సార్, అప్పీల్లో రాసుకోండి, కానీ వాళ్ళు ఈ ఫారమూ ఆ ఫొటోలూ చూస్తారు కదా అంది. తప్పేమీ లేదు ఆమె మాటలో. అదే నాకు మరీ కడుపు మండించింది. తిట్టడానికి మనిషి దొరక్కపోతే ఆ బాధ చెప్పుకోలేం.

బస్సు దిగి నేరుగా అక్క ఇంటికే పోయాను. అక్క పాలు పితికి, క్యాన్లు కడుగుతోంది. జరిగిందంతా చెప్పలేదు. అప్పీలు పెడదాం, ఇంకో మంచి అర్జీ రాస్తాను, నువ్వు దిగులు పెట్టుకోవద్దు అన్నాను. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ముందు రాసింది చదువు, విందాం."

"అదెందుకక్కా ఇప్పుడు?"

"చదువు రా. మొదటినించి."

అక్కకు తమిళం మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. సంతకం వరకే. ఇన్నేళ్ళలో నేను రాసిన అర్జీల్లో ఒక్కటీ తను చదివించుకోలేదు, నేను వేలు పెట్టి చూపిన చోట సంతకం పెట్టేది, అంతే. నేను జిరాక్సు కాగితం తీసి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పేరు, వీధి, ఆవుల రంగు, చెవి బిళ్ళలు. నీటి యంత్రం దగ్గరికొచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది. వేరే పద్ధతి లేదు అన్నది మింగేద్దామనుకున్నాను. మింగలేకపోయాను, చదివాను.

అక్క ఆ కాగితం కేసి చూసి, "ఇందులో నేను యాడుండా రా?" అంది.

నేను కాగితం మడిచాను.

"అమ్మ నేర్పిచ్చింది, ఇన్నేళ్ళు నేను జేసింది, ఏమీ లేదే. ఎందుకు రాయలా?"

ఆఫీసులో వాళ్ళు నవ్వుతారనుకున్నానక్కా అన్నాను. పక్క వీధి పెద్దాయన సంగతీ అప్పుడే చెప్పేశాను, దాచాలనిపించలేదు. అక్క ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

"వాళ్ళు నవ్వలేదు గదా," అంది. "సిగ్గుపడింది నువ్వు."

అప్పీలు పెట్టనివ్వలేదు. నేను రాసిన కాగితం రెండుసార్లు తీసుకుపోయాను, సంతకం పెట్టలేదు. లేదని ఒకసారి నీ చేత్తోనే రాసినాక మళ్ళీ ఉండాదని ఏ మొగం పెట్టుకోని చెప్పేది అంది. గడువు ముగిసే ముందు రోజు పొన్నేరి దిక్కు నుంచి, ఆవుల్ని కొనుక్కున్న ఒక రైతు వ్యాను తీసుకొచ్చాడు. నాలుగు ఆవుల్నీ అక్కే ఒక్కొక్కటిగా ఎక్కించింది. చివరిది ఎక్కనని మొరాయిస్తే నేను పలుపు అందుకోబోయాను. "నువ్వు వొద్దు, బెదురుతాది" అని నన్ను పక్కకి జరగమంది.

ఎదురు ఫ్లాట్ల గొట్టం కలిసిన ఆ కాలవ ఇప్పటికీ కంపు కొడుతూనే ఉంది. దాని మీద అర్జీ పెడదామని నా చెయ్యి దురదగానే ఉంటుంది. అక్క మా ఇంటికి రాలేదు. ఖాళీ కొట్టం పక్కన, అదే ఇంట్లో ఉంటోంది. రోజులో సగం వాకిట్లో కూర్చునే ఉంటుంది. నాతో బాగానే మాట్లాడుతుంది, పోతే కాఫీ ఇస్తుంది. ఆ కాఫీ ఇప్పుడు ప్యాకెట్ పాలతో. మొన్న ఏదో ఆఫీసు నుంచి కవరొకటి వచ్చింది. నేను అక్కడే, అక్క పక్కనే కూర్చుని ఉన్నాను. కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను. అక్క ఆ కవరు తీసుకుని నన్ను దాటుకుని వెళ్ళి, పక్కింటామె చేత చదివించుకుని వచ్చింది.